పళ్ళమ్మాయి పద్నాలుగు వారాలు

పళ్ళమ్మాయి చేసిన కట్టుడు పళ్ళు పెట్టుకుని ఒక ముసలాయన కొబ్బరికాయ పీచు వలిచాడని ఆ ల్యాబులో చెప్పుకునేవారు. అది కోతే. కానీ ఆ పళ్ళు చూసినవాళ్ళెవరూ కోత అనలేదు, ఆ ముసలాయన ఎక్కడుంటాడని మాత్రం అడిగారు.

సొంత ఊరికి రెండు విమానాల దూరంలో, టైర్ల షాపు మీద రెండో అంతస్తులో ఉండేది ఆ ల్యాబు. చుట్టుపక్కల పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటికి సరిపోయే పళ్ళు ఇక్కడ తయారయ్యేవి. కిటికీ పక్క బల్ల పళ్ళమ్మాయిది. పింగాణీ పొడిని నీటిచుక్కలో కలిపి, వెంట్రుకంత కుంచెతో పొర మీద పొర వేసి, చిన్న కొలిమిలో కాల్చి తీస్తే పన్ను అవుతుంది. ఆ పని చేసేవాళ్ళు చాలామందే ఉంటారు, ఈ పిల్ల కన్ను మాత్రం వేరు. పన్ను రంగుల్లో డాక్టర్లకు పదహారు కనిపిస్తే, ఈ పిల్లకు ఆ పదహారింటి సందుల్లో ఇంకో నలభై కనిపించేవి. ఇది టీ తాగేవాడి పన్ను, ఇది సిగరెట్టు మానేశానని పెళ్ళానికి అబద్ధం చెప్పినవాడి పన్ను అని రంగు చూసి చెప్పేసేదట. ఆ కన్ను కోసమే రెండేళ్ళ వర్క్ పర్మిట్ ఇచ్చి పిలిపించుకున్నారు. పర్మిట్ ఉద్యోగానికి ముడివేసి ఉంటుంది. ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది, దాని వెనకాల వచ్చిన మొగుడు కూడా పెట్టె సర్దుకోవాల్సిందే. ఆ మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వారానికి మూడు రోజులే పని. మిగతా నాలుగు రోజులూ ఇంట్లో బాగున్నవాటిని బాగుచేసేవాడు.

ల్యాబు మేనేజరు మనవాడే. ఎయిర్‌పోర్టుకు స్వయంగా వచ్చి, ఆ పిల్ల చేతిలో పెట్టె లాక్కుని, “సార్ అనకు అమ్మడూ. ఇక్కడ సార్లు చాలామంది ఉన్నారు. బాబాయి అను, ఆ పోస్టు ఖాళీగా ఉంది,” అన్నాడు. ఆ పూటే ఆ పోస్టు భర్తీ అయిపోయింది. ఆయన భార్య పిన్ని అయింది. రెండు దుప్పట్లు, ఒక కుక్కరు, పోపుల డబ్బా సర్ది ఇచ్చింది.

బాబాయి కథలు వింటే కొలిమి కూడా చల్లబడాల్సిందే. ఆయన ఈ దేశంలో దిగినప్పుడు ఇక్కడ రోడ్లే లేవట. ఆయన నడిచిన చోటల్లా తర్వాత తారు పోశారట. ఒకసారి ఒక వస్తాదు దవడ అచ్చు తీస్తుంటే వస్తాదు నిద్రపోయి నోరు మూసేశాడట. లేపితే కొరుకుతాడేమోనని, చెయ్యి లోపలే ఉంచుకుని రెండు పూటలు ఎడంచేత్తో తిన్నాడట. పళ్ళమ్మాయి పని ఆపి మరీ వినేది. కన్నవాళ్ళు దూరంగా ఉన్న మనిషికి అలాంటి అబద్ధాలు కడుపు నింపుతాయి.

ల్యాబులో మంచినీళ్ళ యంత్రం పక్కన గోడకు ప్రభుత్వం వారి నోటీసు ఒకటి ఉండేది. చీమలకు అచ్చు వేసినట్టుండే అక్షరాల్లో, ఒక ఏడాది తెగకుండా పనిచేసిన ఆడమనిషికి కాన్పుకు పద్నాలుగు వారాల సెలవు, పూర్తి జీతం, తిరిగి వచ్చేదాకా ఉద్యోగం భద్రం అని రాసి ఉంది. ఆ దేశం వాళ్ళకయినా, బయటినుంచి వచ్చినవాళ్ళకయినా ఒకటే లెక్క. పళ్ళమ్మాయి నీళ్ళు తాగినప్పుడల్లా అది చదివేది. తన ఉద్యోగానికి పద్నాలుగు నెలలు నిండినప్పుడు కడుపులో మూడో నెల నడుస్తోంది.

ఒక ఆదివారం బాబాయి ఇంట్లో భోజనాల దగ్గర నోరు విప్పింది.

“బాబాయ్, పళ్ళు అరగదీసే గదిలో దుమ్ము నాకిప్పుడు పడదని డాక్టరు చెప్పింది. కొన్నాళ్ళు నన్ను అటు పంపకండి.”

“ఇప్పుడు పడకపోవడమేమిటి, పోయిన నెల పడిందిగా?” అన్నాడు బాబాయి.

పిన్ని గరిటె కింద పెట్టి ఆ పిల్ల మొహంలోకి చూసింది. “ఎన్నో నెల?”

“మూడు పిన్నీ.”

“ఈయనకు అర్థమయ్యేలోపు నీ బిడ్డ బడికి పోతుంది,” అంది పిన్ని. తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి ఆ పిల్ల బుగ్గలు పుణికింది. “ఈ నెల నిండేదాకా ఇంకెవరికీ చెప్పకు. ఆ టైర్ల షాపువాడికి అసలే చెప్పకు. వాడి నోరు చిల్లుపడ్డ ట్యూబు.”

“ఆఫీసుకు కాగితం రాసివ్వాలేమో బాబాయ్. నోటీసులో అలా ఉంది.”

“నాకు చెప్పావుగా, ఆఫీసుకు చెప్పినట్టే. అక్కడ ఆఫీసంటే నేనేగా. మనలో మనకు కాగితాలేమిటి? ఏడో నెలలో తీరిగ్గా ఫారం నింపుదువుగానిలే.”

రెండు వారాల తర్వాత బాబాయి తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద నాలుగు కాగితాలు, మెట్లు మెట్లుగా ఒకదాని కింద ఒకటి, సంతకం చేసే చోటు మాత్రమే కనిపించేలా క్లిప్పు పెట్టి ఉన్నాయి.

“నిన్ను సీనియర్‌ని చేశానమ్మడూ. హెడ్డాఫీసు మెడ మీద కూర్చుని చేయించాను. నాలుగు సంతకాలు గీకు.”

చదవడం రాక కాదు. పాత ఉద్యోగంలో కొత్త కొలిమి వస్తే అరవై పేజీల పుస్తకం చదివి, పన్నెండో పేజీలో తప్పుందని తయారుచేసిన కంపెనీకే ఉత్తరం రాసిన ఘటం అది. కానీ బాబాయి ఎదురుగా కూర్చుని, మీరిచ్చిన కాగితం ఒకసారి చదువుకుంటాను అనడం ఎలా? అన్నం వడ్డించిన మనిషి ఎదుట మెతుకులు దులిపి చూసినట్టు ఉండదూ? పైగా ఆయన అప్పటికే పక్షవాతం వచ్చిన గుర్రానికి కట్టుడు పళ్ళు పెట్టిన కథ ఎత్తుకున్నాడు. ఆ పిల్ల నవ్వుకుంటూ నాలుగు సంతకాలూ పెట్టేసింది. ఆ నెల జీతంతో పాటు ప్రమోషన్ బహుమతి అని కొంత డబ్బు విడిగా వచ్చింది. మురిసిపోయి పిన్నికి చీర కొంది.

ఏడో నెల వచ్చింది. సెలవు ఫారం నింపి హెడ్డాఫీసుకు పంపితే, అక్కడ ఉద్యోగుల కాగితాలు చూసే ఆవిడ ఫోన్ చేసింది.

“మీకు ఈ సెలవు రాదండీ. మీరు చేరి నాలుగు నెలలు కూడా కాలేదు.”

“పద్దెనిమిది నెలలండీ. ఇంకోసారి చూడండి.”

“అది పాత సర్వీసు. మీరు రాజీనామా చేశారుగా. ఎనిమిది రోజుల తర్వాత సీనియర్‌గా కొత్తగా చేరారు. మీ సంతకం ఉంది, పంపిస్తాను చూసుకోండి.”

పంపించింది. నాలుగు కాగితాల్లో మూడోది రాజీనామా. సొంత కారణాల వల్ల వెళ్ళిపోతున్నానని, ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలని తన పేరు మీద ఎంతో వినయంగా రాసి ఉంది. కింద సంతకం తనదే. నవ్వుతూ పెట్టిన సంతకం, తోక కొంచెం పైకి లేచి ఉంది. ఆ నెల జీతంలో ఎనిమిది రోజులు కోసి, సరిగ్గా ఆ మొత్తాన్నే బహుమతి పేరుతో ఇచ్చారని కూడా అప్పుడే తేలింది. ఖాళీ పది రోజులు దాటితే పర్మిట్ ఆఫీసుకు చెప్పాలి, ఎనిమిది రోజులకైతే చెప్పక్కర్లేదు. ఎవరో చాలా ఓపికగా ఆలోచించారు.

ఇంటికి వెళ్ళి మొగుడికి చూపించింది.

“చదవకుండా పెట్టావా?” అన్నాడు అతను.

“బాబాయి ముందు కూర్చుని చదవమంటావా?”

“లిఫ్టు తాడు మార్చాక నేను నా సొంత అన్నను కూడా నమ్మను. నేనే ఎక్కి చూస్తాను.”

“మీ అన్న మనకు కుక్కరు ఇవ్వలేదుగా,” అంది. అని, తను అన్న మాట తనకే ఎలాగో వినిపించి ఊరుకుంది.

సెలవు లేకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మామూలు సెలవులు పదకొండు రోజులున్నాయి. పన్నెండో రోజుకు పచ్చి బాలింత వచ్చి కొలిమి ముందు కూర్చోవాలి, లేదా చెప్పకుండా మానేసిందని ఉద్యోగం తీసేస్తారు. ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది. పుట్టీ పుట్టగానే బిడ్డకు కూడా టిక్కెట్టు కొనాలి.

బాబాయిని అడిగింది. మొదటిరోజు, “ఏదో పొరపాటు జరిగుంటుంది, నేను చూసుకుంటా,” అన్నాడు. రెండోసారి అడిగితే, “కంప్యూటర్లో ఎక్కిపోయిందమ్మడూ, ఎక్కినదాన్ని దించలేకపోతున్నారు,” అన్నాడు. మూడోసారి తలుపు వేసి కూర్చోబెట్టాడు.

“ఓనరు నా పీక మీద కూర్చున్నాడు. నీ సెలవు ఖర్చు నా బ్రాంచి మీద పడుతుందట. అయినా ఎంత, పద్నాలుగు వారాల జీతమేగా. నీ ఇంట్లో బియ్యం నిండుకోకుండా నేను చూస్తాను. రెండు వారాల్లో పనిలోకి వచ్చేయ్, బిడ్డను పిన్ని చూసుకుంటుంది. నేనుండగా నీకేం భయం?”

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. అదే ఆ పిల్లకు మింగుడు పడలేదు. తనకు రావలసింది మొత్తం తీసి జేబులో వేసుకుని, అందులోంచే గుప్పెడు బియ్యం దయగా పెడతానంటున్నాడు, పైగా తను దండం పెట్టాలి.

“మీరు తెలిసే పెట్టించారా బాబాయ్?” అని అడిగింది.

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన తుడవడం ఆపేదాకా ఆ పిల్ల కూర్చుంది. ఆయన ఆపలేదు.

మర్నాడు సగం పూట సెలవు పెట్టి లేబర్ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. మూడు వారాలకు తననూ, బాబాయినీ పిలిచారు. గదిలో ఒక పొడుగు బల్ల, ఆగిపోయిన గోడ గడియారం, నాలుగు కుర్చీలు. ఆఫీసరమ్మ పాత టీచరులా ఉంది. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, అదే పెన్సిలు కోసం సొరుగంతా వెతుక్కుంది.

“మీకు చదవడం వచ్చు కదా?” అంది పళ్ళమ్మాయితో.

“వచ్చండీ.”

“మరి చదవకుండా ఎందుకు సంతకం పెట్టారు?”

“ఆయన మా బాబాయండీ.”

ఆఫీసరమ్మ పెన్సిలు సిద్ధం చేసుకుంది. “అంటే, మీ నాన్నగారి తమ్ముడా?”

“కాదండీ.”

“మీ అమ్మగారి చెల్లెలి భర్తా?”

“కాదండీ.”

“మరి ఏ వైపు బంధువు?”

ఎయిర్‌పోర్టు వైపు అని చెప్పాలా? కుక్కరు వైపు అని చెప్పాలా? ఆఫీసరమ్మ ఆగి, ఆగి, బాబాయి వైపు తిరిగింది. “ఈవిడ మీ బంధువా అండీ?”

“కాదు మేడమ్,” అన్నాడు బాబాయి. “మా దగ్గర పనిచేసే ఉద్యోగి.”

ఆ గదిలో ఆ పూట ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది. వస్తాదు కథ నమ్మిన పిల్ల, గుర్రం పళ్ళ కథ నమ్మిన పిల్ల, ఈ నిజాన్ని మాత్రం నమ్మలేక ఆయన మొహం వైపే చూస్తూ ఉండిపోయింది. ఆయన చూపు గోడ మీది గడియారం వదల్లేదు.

“ఆ ఎనిమిది రోజులూ ఈవిడ ఎక్కడున్నారు?” అని అడిగింది ఆఫీసరమ్మ.

“ఇంట్లో మేడమ్. రెస్టు తీసుకుంది.”

“బల్ల దగ్గరే ఉన్నానండీ,” అంది పళ్ళమ్మాయి. “రోజూ వచ్చాను. పళ్ళు చేశాను.”

“ఋజువు?”

“చేసిన ప్రతి పన్నుకూ ఒక చీటీ ఉంటుందండీ. ఎవరు చేశారు, ఏ రోజు చేశారు అని.”

“చీటీలు మూడు నెలలకు పారేస్తాం మేడమ్,” అన్నాడు బాబాయి. ముందే సిద్ధం చేసుకున్న మాట అది.

ఆఫీసరమ్మ పది రోజులు గడువిచ్చింది.

ల్యాబులో చీటీ పారేసినా, దాని జోడు పంటితో పాటే డాక్టరు దగ్గరికి వెళుతుంది. ఎనిమిదో నెల కడుపుతో పళ్ళమ్మాయి బస్సులెక్కి, దిగి, మెట్లెక్కి ఒక్కొక్క క్లినిక్కూ తిరిగింది. ఆ వారం ఆ ఊళ్ళో బస్సుల వెనక సీట్లు ఆ పిల్ల నిట్టూర్పులకే మెత్తబడ్డాయని మొగుడు అనేవాడు. మొదటి మూడు చోట్ల కుదరదన్నారు. నాలుగో చోట కౌంటర్లో కూర్చున్న అమ్మాయి జాలిపడి బీరువా తీసింది. “చీటీలు పేషెంటు ఫైల్లోనే పెట్టి కుట్టేస్తాం. పదేళ్ళు ఉంచాలి. ఇదిగో, ఆ తేదీల్లో ఒకటుంది. రెండు ముందు పళ్ళు. కానీ ఆయన ఒప్పుకోకుండా ఇవ్వలేను.”

ఆయన డ్రైవింగ్ నేర్పే మాస్టారు. శిష్యుడొకడు ఆగమన్నప్పుడు కాకుండా ఆగితే ముందు పళ్ళు డాష్‌బోర్డులో వదిలేసిన మనిషి. ఫోన్ చేస్తే, “కాగితమెందుకమ్మా, పళ్ళే పట్టుకొస్తాను,” అన్నాడు.

నిజంగానే వచ్చాడు. ఆఫీసరమ్మ ముందు కుర్చీ లాక్కుని, నోరు బార్లా తెరిచి, “ఏవి నావో, ఏవి ఈ అమ్మాయివో చెప్పండి చూద్దాం,” అన్నాడు. ఆఫీసరమ్మ కళ్ళజోడు సర్దుకుని, వంగి, అటు ఇటు చూసి, ఒకదాన్ని వేలితో చూపించింది.

“అది నాకు దేవుడిచ్చింది. పుచ్చింది కూడానూ,” అన్నాడు మాస్టారు.

తర్వాత మాస్టారు ఒప్పుకున్నాక క్లినిక్కు వాళ్ళు ఫైల్లోంచి తీసిచ్చిన చీటీ బల్ల మీద పెట్టారు. తేదీ ఆ ఎనిమిది రోజుల్లో అయిదోది. చేసినవారు అన్నచోట పళ్ళమ్మాయి పొడి అక్షరాలు. దాని కింద, సరిచూసినవారు అన్నచోట బాబాయి సంతకం.

“రాజీనామా ఇచ్చి ఇంట్లో రెస్టు తీసుకుంటున్న మనిషి చేసిన పళ్ళను మీరు సరిచూసి సంతకం పెట్టారా?” అంది ఆఫీసరమ్మ.

బాబాయి నోరు తెరిచాడు. రోడ్లు లేని దేశానికి రోడ్లు వేసిన మనిషికి ఆ క్షణాన ఒక్క కథ తట్టలేదు.

సర్వీసు తెగలేదని తేల్చారు. పద్నాలుగు వారాల సెలవు, పూర్తి జీతం, ఉద్యోగం భద్రం. ఆఫీసరమ్మ ముద్ర వేసి కాగితం చేతికిచ్చింది. వరండాలో బాబాయి వెనకాలే వచ్చాడు.

“చెప్పలేదూ అమ్మడూ, నీకు రావలసింది ఎక్కడికీ పోదని,” అన్నాడు.

ఆయన మొహంలో సిగ్గు కోసం వెతికింది పళ్ళమ్మాయి. నిజంగా సంతోషమే కనిపించింది. ఆ సంతోషం చూడలేక మొహం తిప్పుకుంది. వరండాలో కాచుకుని ఉన్న మొగుడు ఆ పిల్ల భుజం పట్టుకుని మెట్లు దింపాడు. దారిన పోయేవాళ్ళు చూస్తే ఓడిపోయి వస్తున్నారని అనుకుని ఉంటారు.

ఆడపిల్ల పుట్టింది. పన్నెండు రోజులు పిల్లకు స్నానమంటే తడిగుడ్డతో తుడవడమే. ఇద్దరికీ ఒళ్ళో వేసుకుని నీళ్ళు పొయ్యడానికి భయం. మొగుడైతే కరెంటు ఉన్న ప్యానెల్ తుడిచినట్టు తుడిచేవాడు.

పన్నెండో రోజు పొద్దున పది గంటలకు తలుపు చప్పుడైంది. పిన్ని.

“ఆయనకు చెప్పి రాలేదు,” అంది చెప్పులు విడుస్తూ. “నీళ్ళు కాచారా?”

జవాబు కోసం ఆగలేదు. స్నానాల గదిలో తువ్వాలు మడిచి నేల మీద వేసుకుని, గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుంది. పిల్లను బోర్లా కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, మోచేత్తో వేడి చూసి చెంబు ఎత్తింది. పన్నెండు రోజులుగా ముడుచుకునే ఉన్న పిల్ల ఆ చేతుల కింద మెల్లగా విచ్చుకుంది. పళ్ళమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది. గుండెలో ఎక్కడో గడ్డకట్టినదేదో కరుగుతున్నట్టే అనిపించింది.

“నీకో మాట చెప్పాలే,” అంది పిన్ని, పిల్ల వీపు రుద్దుతూ. “ఆ కాగితాలు ముందురోజు ఇంటికి తెచ్చాడు. ఎలా పెడితే సంతకం చోటు మాత్రం కనిపిస్తుందో ఆయనకు కుదరడంలేదు. ఆయన చేతుల సంగతి నీకు తెలుసుగా. నేనే సర్ది క్లిప్పు పెట్టాను.”

“చదివారా పిన్నీ?”

“చదివాను.”

పిన్ని ఇంకో చెంబు పోసింది.

“ల్యాబులో చిన్న వాటా ఇస్తానన్నాడట ఓనరు, ఖర్చు తగ్గించి చూపిస్తే. ఇరవై ఏళ్ళ నుంచి ఒకళ్ళ కింద బతుకుతున్నామే. నీకేం తక్కువ కానివ్వకూడదు, అన్నీ మేమే చూసుకోవాలి అనుకున్నాను. నా మీద ఒట్టు.” పిన్ని తల ఎత్తింది. “పిల్లను తీసుకుంటావా?”

“కానివ్వండి. తల మీద సబ్బుంది,” అంది పళ్ళమ్మాయి.

పిన్ని స్నానం పూర్తిచేసింది. తొందరపడలేదు, ఆలస్యం చేయలేదు. పొడి తువ్వాల్లో చుట్టి ఇచ్చింది. పిల్ల అప్పటికే నిద్రపోయింది.

“రేపు ఇదే టైముకు వస్తాను.”

“రేపట్నుంచి మేమే పోసుకుంటాం పిన్నీ.”

“నీకు రాదు కదే.”

“రాదు.”

పిన్ని తలుపు దగ్గర చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత మెట్ల మీద అడుగులు వినిపించాయి, అవీ ఆగాయి.

మర్నాడు పొద్దున పళ్ళమ్మాయి తువ్వాలు మడిచి వేసుకుని గోడకు ఆనుకుని కాళ్ళు చాపింది. మొగుడు పిల్లను తెచ్చి కాళ్ళ మీద పెట్టి, చెంబు పట్టుకుని నిలబడ్డాడు. మొదటి చెంబు పిల్ల మీద కన్నా వాళ్ళిద్దరి మీదే ఎక్కువ పడింది. కింద ఇంటివాళ్ళు కిటికీ తీసి చూసేంతగా పిల్ల ఏడ్చింది.

“సరిగ్గానే పోస్తున్నామంటావా?” అన్నాడు మొగుడు.

“ఏమో. పొయ్యి,” అంది పళ్ళమ్మాయి, జారిపోకుండా పిల్ల చంకల కింద చేతులు బిగించి.